పులిరాజా అడగని ప్రశ్న

ఇరవై ఏళ్ల కిందట తెలుగునాట ఎటు చూసినా ఒకటే ప్రశ్న. బస్టాండు గోడమీద, నాలుగురోడ్ల కూడలి హోర్డింగుమీద అదే: పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? ఈ పులిరాజా ఎవడో, అతగాడి సంగతి మనకెందుకో అర్థంకాక జనం తలలు పట్టుకున్నారు, జోకులు వేసుకున్నారు. ప్రచారంగా చూస్తే అది సూపర్‌హిట్. నలుగురిలో పలకడానికి నోరు రాని మాటను టీకొట్టు కబుర్లలోకి తెచ్చిపడేసింది. కాకపోతే ఆ ప్రశ్న జబ్బు రానివాళ్ల కోసం వేసింది. అప్పటికే వచ్చినవాళ్లు కూడా అదే బస్టాండులో, అదే హోర్డింగు కింద బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ల ప్రశ్న వేరు. వచ్చింది సరే, ఇక బతికేదెలా?

ఇప్పుడు దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్లు సుమారు 25 లక్షలమంది అని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అదే న్యాకో, లెక్కగట్టింది. మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, మూడు లక్షలకు పైనే. తెలంగాణలో లక్షన్నర ప్రాంతం. వీళ్లలో ఎక్కువమంది మనకు కనబడరు. కనబడకపోవడమే వాళ్లు నేర్చుకున్న మొదటి విద్య. పొలం పనికి పోతారు, ఆటో నడుపుతారు, బడిలో పాఠాలు చెబుతారు, రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకుని పడుకుంటారు. ఆ ఒక్క మాత్ర ఏం చేస్తుందో, ఏం చేయలేదో తేల్చడానికి విజ్ఞానశాస్త్రానికి నలభై ఏళ్లు పట్టింది. చేసేదాని గురించి బోలెడు రాశారు. చేయలేనిదాన్ని పట్టించుకోవడం ఈమధ్యే మొదలైంది.

ముందు చేసేది చూద్దాం. మన రక్తంలో రోగనిరోధక దళానికి మేస్త్రీల్లాంటి తెల్లకణాలు కొన్ని ఉంటాయి. వాటి ఒంటిమీద సీడీ4 అనే ప్రొటీన్ ఉంటుంది కాబట్టి సీడీ4 కణాలంటారు. హెచ్‌ఐవీ ఆ ప్రొటీన్‌నే పట్టుకుని లోపలికి దూరుతుంది. దూరాక తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుని ఆ కణం సొంత డీఎన్‌ఏలో అతుక్కుపోతుంది. అప్పటినుంచి ఆ కణం వైరస్‌లను తయారుచేస్తూ పోతుంది. ఆరోగ్యవంతుల్లో ఘనపు మిల్లీమీటరు రక్తానికి 500 నుంచి 1,500 దాకా ఉండే సీడీ4 కణాలు మందు లేకపోతే ఏళ్ల తరబడి కరిగిపోతూ వస్తాయి. లెక్క 200 కంటే కిందికి జారితే దాన్ని ఎయిడ్స్ దశ అంటారు. అక్కడినుంచి క్షయ లాంటివి కాచుకుని ఉంటాయి.

ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాల్లో, ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపి చేసిన ఒకే బిళ్ల. మొదటి రెండూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకునే పనికి అడ్డుపడతాయి. మూడోది, ఆ డీఎన్‌ఏ మన డీఎన్‌ఏలో అతుక్కోకుండా ఆపుతుంది. వైరస్ పుట్టుక ఆగిపోతుంది. కొన్ని నెలల్లో రక్తపరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. మరి మందు ఆపేయొచ్చుగా అంటే, కుదరదు. అప్పటికే కొన్ని కణాల డీఎన్‌ఏలో వైరస్ అతుక్కుని నిద్రపోతూ ఉంటుంది. ఆ కణాలు ఏళ్లూ పూళ్లూ బతుకుతాయి. చేలో తుంగ పీకినప్పుడు పైన పచ్చదనమంతా పోయి మట్టిలో గడ్డ మిగిలిపోతుంది చూడండి, అలాంటిదే ఇదీ. మందు ఆపిన కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ మొలకెత్తుతుంది. అందుకే జీవితాంతం రోజుకో మాత్ర.

ఆ మాత్ర ఇచ్చే ఫలితం మామూలుది కాదు. సకాలంలో చికిత్స మొదలుపెట్టి మానకుండా వాడినవాళ్ల ఆయుష్షు మిగతావాళ్లకు దగ్గరగా వచ్చేసిందని ఐరోపా, ఉత్తర అమెరికా లెక్కలు చెబుతున్నాయి. ఇంకో సంగతి ఉంది. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి అది సోకదు. పార్ట్‌నర్ పేరుతో ఐరోపాలో జరిగిన రెండు అధ్యయనాల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటలను ఏళ్లపాటు గమనించారు. స్త్రీపురుష జంటలు, పురుషుల జంటలు కలిపి కండోమ్ లేని కలయికలు లక్షకు పైగా నమోదయ్యాయి. మందు వాడుతూ వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటంటే ఒక్కటి లేదు. పూర్తి ఫలితాలు 2019లో వచ్చాయి. గర్భిణికి మందు ఇవ్వకపోతే బిడ్డకు సోకే ప్రమాదం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. మందు వాడితే 5 శాతం లోపుకు పడిపోతుంది, జాగ్రత్తగా ఉంటే ఇంకా తక్కువ. పెళ్లి, పిల్లలు ఇక లేవనుకున్నవాళ్లకు ఈ రెండు వాస్తవాలు తెలియడమే ఒక చికిత్స. మన దగ్గర ఈ సంగతి పులిరాజా అంత గట్టిగా ఎవరూ చాటలేదు. చాటి ఉండాల్సింది.

ఇంతదూరం రావడం సులువుగా జరగలేదు. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది గాని అది ఏడాదికి పది, పదిహేను వేల డాలర్ల బేరం. 2001లో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అలాంటి కలయికను స్వచ్ఛంద సంస్థలకు ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు డాలరు లెక్కన ఇస్తాననేసరికి ప్రపంచ మందుల బజారు అదిరిపడింది. 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ప్రభుత్వం ఉచితంగా మందు ఇవ్వడం మొదలుపెట్టింది. సీడీ4 ఎంత ఉన్నా సరే, పరీక్షలో తేలగానే చికిత్స అనే విధానం 2017లో వచ్చింది.

ఆ తొలినాటి మందుల్లో స్టావుడిన్ ఒకటి. చవక, పనిచేసేది. కాని దీర్ఘకాలం వాడితే ముఖంలో కొవ్వు కరిగి చెంపలు లోపలికి పోయేవి. చేతులు, కాళ్లు పుల్లల్లా అయ్యేవి, పొట్ట దగ్గర మాత్రం కొవ్వు పేరుకునేది. పాదాల్లో మంటలు. ప్రాణం నిలబెట్టిన మందే ముఖంమీద చాటింపు వేసినట్టయింది. పీక్కుపోయిన ఆ చెంపలు చూసి ఊళ్లో పోల్చుకునేవాళ్లు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మాన్పించమంది. తర్వాత వచ్చిన ఎఫావిరెంజ్‌తో తల తిరుగుడు, రాత్రంతా పిచ్చిపిచ్చి కలలు. డొలుటెగ్రావిర్ వచ్చాక ఆ బాధలు చాలావరకు తీరాయి. దీనికీ ఒక తంటా ఉంది, కొందరు బరువు పెరుగుతారు. పల్లెటూళ్లో అదీ ఒకందుకు మంచిదే. ఒళ్లు చేసిన మనిషిని ఎవరూ అనుమానించరు.

ఈ దుష్ఫలితాలను పనిగట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. వైరస్ లెక్క ఒకటి, మనిషి లెక్క ఒకటి. స్టావుడిన్ వాడిన మనిషి కాగితంమీద విజయగాథ, అద్దం ముందు ఓటమి. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2014లో మూడు తొంభైల లక్ష్యం పెట్టింది. ఉన్నవాళ్లలో 90 శాతానికి తమకు ఉందని తెలియాలి, తెలిసినవాళ్లలో 90 శాతం మందు వాడాలి, వాడేవాళ్లలో 90 శాతానికి వైరస్ అణగాలి. తర్వాత దీన్నే 95కు పెంచారు. లెక్క అక్కడితో ఆగిపోతుంది. 2016లో కొందరు పరిశోధకులు, జెఫ్రీ లాజరస్ అందులో ముఖ్యుడు, నాలుగో తొంభై కూడా కావాలని రాశారు. వైరస్ అణిగినవాళ్లలో 90 శాతంమంది జీవితం బాగుందని అనుకోగలగాలని వారి వాదన. మాట చిన్నదే గాని, దానితో పెద్ద చిక్కే వచ్చింది. వైరస్‌ను కొలవడానికి యంత్రం ఉంది. బాగుండటాన్ని దేనితో కొలవాలి?

కొలిచే పద్ధతులు లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు ప్రశ్నల చీటీ ఒకటి ఉంది. గత రెండు వారాల్లో హుషారుగా ఉన్నారా, మనసు ప్రశాంతంగా ఉందా, పని చేయగలిగే ఓపిక ఉందా, నిద్ర లేచేసరికి తెరిపిగా ఉంటోందా, రోజులో మీకు ఇష్టమైనవేవైనా జరుగుతున్నాయా అని అడుగుతుంది. రెండు నిమిషాల పని. జబ్బు పేరు ఎక్కడా ఎత్తదు. నిబ్బరాన్ని కొలవడానికి 2003లో కానర్, డేవిడ్‌సన్ అనే ఇద్దరు 25 అంశాల కొలమానం చేశారు. దెబ్బ తిన్నాక లేచి నిలబడగలనా, మార్పుకు సర్దుకోగలనా, అలాంటివి అందులో ఉంటాయి. దీన్ని ప్రపంచమంతా వాడుతోంది. నాకు మాత్రం దాంతో ఒక పేచీ ఉంది. అది అడిగేది చాలావరకు మనిషి తలలో ఏముందని. ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లడానికి బస్సు ఛార్జీ ఉందా, ఇంట్లో ఎవరికైనా చెప్పుకోగలిగావా, కూలికి పోకపోతే ఆ రోజు పొయ్యి వెలుగుతుందా అని అడగదు.

ఇక్కడో చిన్న వస్తువును దగ్గరగా చూద్దాం. ముప్పై బిళ్లలుండే తెల్ల ప్లాస్టిక్ డబ్బా. ఏఆర్‌టీ కేంద్రంలో నెలకొకటి, కొవిడ్ తర్వాత చాలామందికి మూడేసి నెలలకు సరిపడా ఒకేసారి ఇస్తున్నారు. సంచిలో వేసుకుని నడిస్తే గలగలమంటుంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ ఏంటమ్మా అది అని అడిగితే? అందుకని కేంద్రం బయట చెట్టుకిందో, ఆసుపత్రి బాత్రూములోనో మాత్రలన్నీ మామూలు ప్లాస్టిక్ కవర్లోకి వంపేసుకుని, డబ్బా పారేసేవాళ్లుంటారు. డబ్బామీద చీటీ గీకేసేవాళ్లు, బలం బిళ్లల సీసాలో కలిపి దాచేవాళ్లు, బియ్యం డబ్బాలో అడుగున పెట్టేవాళ్లు ఉంటారు. ఊరికి దగ్గర్లోనే కేంద్రం ఉన్నా తెలిసినవాళ్లు కనబడతారని పక్క జిల్లాకు వెళ్లి నమోదు చేయించుకునేవాళ్లూ ఉంటారు. చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లి మూడు రోజులుంటే ఆ మూడు రాత్రులూ మాత్ర వేసుకునే వీలు దొరక్క మానేస్తారు. మందు పనిచేయకపోవడానికి వైరస్ తెలివితేటలు ఎంత కారణమో ఈ దాగుడుమూతలూ అంతే కారణం.

ఈ భయం ఎక్కడినుంచి వస్తుందన్నదానిమీద మన దక్షిణాదిలోనే ఒక మంచి అధ్యయనం జరిగింది. వేన్ స్టీవర్డ్, మరియా ఎక్‌స్ట్రాండ్, వారి సహచరులు 2008లో దాని ఫలితాలు ప్రచురించారు. వెలివేతను వాళ్లు నాలుగు రకాలుగా విడదీశారు. స్వయంగా ఎదురైన అవమానం మొదటిది. ఇంకొకరికి జరిగిందని విన్న కథలు రెండోది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇలాగే అనుకుంటారులే అన్న అంచనా మూడోది. నాకు ఇది జరగాల్సిందే అని తనను తానే తిట్టుకోవడం నాలుగోది. తేలింది ఏమిటంటే, నేరుగా అవమానం పడినవాళ్లకంటే అలాంటి కథలు విన్నవాళ్లే చాలా ఎక్కువ. ఫలానా ఊళ్లో కోడలికి కంచం వేరు, గ్లాసు వేరు పెట్టారట, ఫలానా పిల్లాణ్ని బడిలో కూర్చోనివ్వలేదట. ఆ కథలే మనిషి నోరు కట్టేస్తాయి. నోరు కట్టేసుకున్నవాళ్లలో దిగులు ఎక్కువ కనబడింది. అంటే మనం అరుగుమీద కూర్చుని ఎవరి గురించో చెప్పుకునే కబురు, ఆ పక్కనే మౌనంగా వింటున్న ఇంకొకరికి చేటు చేస్తోందన్నమాట. పత్రికలవాళ్లం మేమూ ఈ లెక్కలో ఉన్నాం. కరుణ పుట్టించాలని రాసిన వెలివేత కథనం భయాన్నీ పంచుతుంది.

మరి మనసులో దిగులుకూ రక్తంలో వైరస్‌కూ లంకె ఉందా? ఉంది. ఎంత అన్నది జాగ్రత్తగా చెప్పాలి. అమెరికాలో నాలుగు చోట్ల హెచ్‌ఐవీ ఉన్న 765 మంది స్త్రీలను ఏడేళ్ల దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. దిగులు వదలకుండా వెంటాడినవాళ్లు చనిపోయే అవకాశం, దిగులు లేనివాళ్లకంటే సుమారు రెట్టింపు. వాళ్ల సీడీ4, వైరస్ మోతాదు, చికిత్స అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. అంతకుముందు 1996లో స్టీవ్ కోల్, అతని సహచరులు హెచ్‌ఐవీ ఉన్న 80 మంది స్వలింగ సంపర్కులైన పురుషుల మీద చేసిన పని ఇంకా విచిత్రం. తామెవరో లోకానికి తెలియకుండా దాచుకుని బతికినవాళ్లలో జబ్బు వేగంగా ముదిరింది. ఒత్తిడిలో నరాల కొసల నుంచి వెలువడే నోరెపినెఫ్రిన్ అనే రసాయనం గాజుగిన్నెల్లో పెంచిన కణాల్లో వైరస్ పెరుగుదలకు ఊతమిస్తుందని అదే బృందం తర్వాత చూపింది. ఇవి ఇవాల్టి మందులు రానప్పటి రోజుల ఫలితాలు. ఇవాళ డొలుటెగ్రావిర్ వేసుకునే మనిషి దిగులుపడినంత మాత్రాన వైరస్ లేచి కూర్చోదు. ఇప్పుడు దిగులు దెబ్బకొట్టేది వేరే దారిన. దిగులుపడ్డ మనిషి మాత్ర మానేస్తాడు, ఆసుపత్రికి పోవడం వాయిదా వేస్తాడు, తిండి మానేస్తాడు, మందు కొట్టడం మొదలుపెడతాడు. కాబట్టి ధైర్యంగా ఉంటే రోగం దానంతటదే పోతుందని చెప్పే సభల్లో కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. ధైర్యం మాత్రకు బదులు కాదు. మాత్రను మరిచిపోనివ్వకపోవడం దాని పని.

ధైర్యం ఎలా పుడుతుందన్నదానికి నేను చదివినవాటిలో నన్ను అన్నిటికంటే కదిలించింది శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. 1990ల మొదట్లో, మందుల్లేని రోజుల్లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సూజన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎయిడ్స్‌తో చివరి దశలో ఉన్న మగవాళ్లకు సేవలు చేస్తున్న వారి జీవిత భాగస్వాములను అధ్యయనం చేసింది. వాళ్లలో కొందరికీ హెచ్‌ఐవీ ఉంది. రెండు నెలలకోసారి పిలిచి, ఏ కష్టం వచ్చింది, ఎలా తట్టుకున్నారు అని అడిగేవారు. కొద్దికాలానికే వాళ్లలో కొందరు ఎదురు తిరిగారు. మీరు మా కష్టాలే అడుగుతున్నారు, మాకు జరిగిన మంచి ఎందుకు అడగరు, అది తెలియకపోతే మేమెలా బతుకుతున్నామో మీకెలా అర్థమవుతుంది అన్నారు. ఫోక్‌మన్ ఆ మాట విని ప్రశ్నావళి మార్చింది. మీకు ఊరట ఇచ్చిన, రోజు గడపడానికి తోడ్పడిన సంగతి ఏదైనా ఉందా అని చేర్చింది. జవాబు లేదన్నవాళ్లు దాదాపు ఎవరూ లేరు. నూటికి తొంభైతొమ్మిది సంభాషణల్లో ఏదో ఒకటి చెప్పారు. అవేం గొప్ప సంగతులు కావు. ఇష్టమైన కూర వండిపెట్టడం, స్నేహితుడు ఫోన్ చేయడం, పూలు చూడటం, అంతే. దుఃఖం తగ్గలేదు. తగ్గకుండానే దాని పక్కన సంతోషం కూడా ఉంది. రెండూ ఒక త్రాసులో రెండు పళ్లేలు కావని, ఒకే మనిషిలో ఒకేరోజు రెండూ ఉండగలవని అప్పటిదాకా ఒత్తిడి శాస్త్రం పెద్దగా పట్టించుకోలేదు.

ఆ బృందంలోనే పనిచేసిన జుడిత్ మాస్కోవిట్జ్ దీన్ని చికిత్సగా మలిచింది. కొత్తగా హెచ్‌ఐవీ అని తేలిన 159 మందితో చేసిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. సగంమందికి అయిదు వారాలపాటు చిన్నచిన్న అలవాట్లు నేర్పారు. రోజులో జరిగిన మంచి ఒకటి గమనించి రాసుకోవడం, దాన్ని ఇంకొకరితో పంచుకోవడం, చేయగలిగినంత చిన్న లక్ష్యం పెట్టుకోవడం, ఎవరికైనా సాయం చేయడం. నేర్చుకున్నవాళ్లలో సంతోష భావాలు పెరిగాయి, దిగులు మందుల వాడకం మిగతావాళ్లలోలా పెరగలేదు. వైరస్ మోతాదులో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఈ చివరి వాక్యమే ఎక్కువ నచ్చింది. సంతోషానికి వైరస్‌ను తగ్గించే డ్యూటీ ఎందుకు? మనిషి బాగుండటం దానంతటది ఒక ఫలితం కాదా?

అయితే డైరీ రాసుకోవడం అక్షరం, తీరిక ఉన్నవాళ్ల సంగతి. మన పల్లెల్లో? దీనికి జవాబు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే వెతికారు. అడెలీన్ న్యామతి అనే నర్సింగ్ పరిశోధకురాలు మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి ఎయిడ్స్‌తో ఉన్న 68 మంది గ్రామీణ స్త్రీలతో ప్రయోగం చేసి 2012 ప్రాంతంలో ఫలితాలు ప్రచురించారు. వీళ్లలో చాలామందికి భర్త ద్వారా వచ్చింది. కొందరికి భర్త పోయాడు, అత్తింట్లో చోటు పోయింది. ఆశా కార్యకర్తల నమూనాలో ఊళ్లో ఉండే మామూలు ఆడవాళ్లనే ఎంచి శిక్షణ ఇచ్చి, ఒక జట్టులోని స్త్రీలకు వాళ్లను తోడుగా పెట్టారు. ఆ తోడు చేసిన పనులు వినడానికి చప్పగా ఉంటాయి. ఇంటికి వచ్చి పలకరించడం, మాత్రలు వేసుకున్నావా అక్కా అని అడగడం, కేంద్రానికి వెంట వెళ్లడం, అక్కడ వరుసలో నిలబడటం, డాక్టరు చెప్పింది మళ్లీ విడమరిచి చెప్పడం. తిండి, పిల్లల పెంపకం, చేతిపనుల గురించి తరగతులు. పప్పుదినుసుల సాయం. ఆరు నెలలకు చూస్తే, మామూలు సేవలు అందుకున్నవాళ్లతో పోలిస్తే వీళ్లు మాత్రలు ఎక్కువ క్రమంగా వేసుకున్నారు, సీడీ4 బాగా పెరిగింది, దిగులు తగ్గింది, తమను తాము తక్కువ చేసుకోవడం తగ్గింది.

పలకరింపు పనిచేసిందా, పప్పు పనిచేసిందా? తెలివైన పాఠకుడు అడగాల్సిన ప్రశ్నే. పరిశోధకులకూ అదే అనుమానం వచ్చి, తర్వాత 600 మంది స్త్రీలతో తోడు, పోషకాహార పాఠాలు, ఆహారం వేర్వేరు కలయికల్లో ఇచ్చి పెద్ద ప్రయోగం చేశారు. శాస్త్రం కోసం విడదీయడం అవసరమే. బతుకులో అవి విడిగా ఉండవు. కడుపులో కూడు లేనప్పుడు ధైర్యం చెప్పేవాళ్లమీద కోపం వస్తుంది. కూడు పెట్టి మాట్లాడకపోతే అది ముష్టి అవుతుంది.

నిలదొక్కుకోవడం కొందరికే పుట్టుకతో వచ్చే ప్రత్యేక గుణం కాదని పిల్లల మీద పరిశోధన చేసిన యాన్ మాస్టెన్ 2001లోనే రాసింది. పట్టించుకునే ఒక పెద్దదిక్కు, చేసుకునే పని, సాయపడే ఇరుగుపొరుగు లాంటి అతి మామూలు వాటి నుంచే అది పుడుతుందని ఆమె చూపింది. హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్ల విషయంలోనూ నాకు కనబడేది అదే. వాళ్లు గట్టివాళ్లు అని పొగిడి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ గట్టిదనంలో సగం బయటే ఉంటుంది. నెలనెలా మందు అయిపోకుండా వచ్చే సరఫరాలో ఉంటుంది. తనకూ ఇదే ఉందని చెప్పి చేయి పట్టుకునే ఇంకో పాజిటివ్ మనిషిలో ఉంటుంది. జిల్లాల్లో నడుస్తున్న పాజిటివ్ నెట్‌వర్కుల బలమంతా అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలకు పెంచిన పింఛన్లలో ఏఆర్‌టీ వాడేవాళ్లదీ ఉంది. తెలంగాణ ఆసరా పింఛన్లలో కూడా వీళ్లకు చోటుంది. ఆ జాబితాలో పేరెక్కితే గుట్టు రట్టవుతుందని వదులుకునేవాళ్లున్నారంటే, డబ్బు ఇవ్వడంతోపాటు అది చేరే తోవ కూడా ఆలోచించాలన్నమాటే.

చట్టం కూడా బయటి బలమే. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. పాజిటివ్ అని తేలింది. పోలీసులు పట్టుకెళ్లి ఆనాటి గోవా చట్టం కింద 64 రోజులు నిర్బంధించారు. బయటికొచ్చాక ఉద్యోగం పోయింది. అతను పాజిటివ్ పీపుల్ అనే సంస్థ మొదలుపెట్టి 1992లో కన్నుమూశాడు. అక్కడినుంచి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నిరోధక నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చేదాకా దాదాపు ముప్పై ఏళ్లు. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఒప్పుకోలు లేకుండా ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు అంటుంది ఆ చట్టం. ఫిర్యాదులకు రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లెందరు? ఉచిత హెల్ప్‌లైన్ 1097 కు ఫోన్ చేసి అడగొచ్చు.

చట్టం అవసరం ఇప్పుడు కొత్త చోట పడుతోంది. 2004లో ముప్పై ఏళ్ల వయసులో మందు మొదలుపెట్టినవాళ్లు ఇవాళ యాభై దాటారు. ఏఆర్‌టీ కేంద్రంలో వాళ్లు చేతిలో పట్టుకుని కూర్చునే, చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్కులో సీడీ4 బాగానే ఉంటుంది. కౌన్సెలర్ మాత్రలు మానకుండా వేసుకుంటున్నారా అని అడిగితే, ఇరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నే కాబట్టి, వేసుకుంటున్నానండీ అనేసి తమ అసలు సంగతి చెబుతారు. మోకాళ్లు, చక్కెర, బీపీ, కళ్లకు పొర. కంటి ఆపరేషనుకు వెళ్తే రిపోర్టు చూసి పెద్దాసుపత్రికి పొమ్మని తిప్పి పంపే చోట్లు ఇంకా ఉన్నాయి. ప్రతి రోగి రక్తాన్నీ సోకే అవకాశం ఉన్నట్టే భావించి జాగ్రత్త పడాలన్నది శస్త్రచికిత్సలో అందరికీ ఒకే నియమం. దాన్ని పాటించే డాక్టరుకు ఈ రోగివల్ల అదనపు ప్రమాదం లేదు.

వైరస్ అణిగి ఉన్నా ఒంట్లో లోలోపల కొంత వాపు కొనసాగుతుంది. జబ్బు తొలిరోజుల్లోనే పేగుల గోడలోని రక్షణ కణాలు దెబ్బతినడం, అక్కడి సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి జారడం దీనికి ఒక కారణం. దానివల్ల గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. మన దేశంతో సహా 12 దేశాల్లో హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందితో జరిగిన రిప్రీవ్ ప్రయోగంలో, పిటావాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు రోజూ ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది. అంటే వీళ్ల బాగోగులు చూసే డాక్టరు ఇకమీద వైరస్ ఒక్కదాన్నే కాకుండా బీపీ మిషన్‌నూ, సిగరెట్టు అలవాటునూ కూడా పట్టించుకోవాలి.

ముందు చెప్పిన ఆ మోకాళ్ల నొప్పులకని పక్కవీధి డాక్టరు కాల్షియం బిళ్లలు రాస్తాడు. ఆయనకు ఈ మనిషి హెచ్‌ఐవీ సంగతి చెప్పడు, అదీ అర్థం చేసుకోదగ్గదే. కాని కాల్షియం, ఐరన్, గ్యాసుకు తాగే మందు, ఇవి కడుపులో డొలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్ బిళ్లలను భోజనంతోపాటు ఏఆర్‌టీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున అయితే ఏఆర్‌టీ మాత్ర వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. గ్యాసు మందుకు మాత్రం భోజనంతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఆ ఎడం పాటించాల్సిందే.